బంతులమ్మిన చేత్తోనే చరిత్ర: ఆల్బర్ట్ స్పాల్డింగ్ దాచిన కాగితాలు

1908 వసంతంలో అమెరికాలోని క్రీడా సామగ్రి దుకాణాల్లోకి ఎప్పటిలాగే ఒక చిన్న పుస్తకం వచ్చింది. పేరు స్పాల్డింగ్స్ అఫీషియల్ బేస్‌బాల్ గైడ్. వెల 10 సెంట్లు. మారిన నిబంధనలు, గడిచిన ఏడాది స్కోర్లు, ఆటగాళ్ల సగటులు, జట్ల ఫొటోలు, చివర్లో బంతులు, బ్యాట్ల ప్రకటనలు. ఏటా ఉండేవే ఇవన్నీ. ఆ ఏడాది మాత్రం లోపల ఒక తీర్పు కూడా అచ్చయింది. బేస్‌బాల్ పూర్తిగా అమెరికాలో పుట్టిన ఆట అనీ, 1839లో న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్ అనే ఊళ్లో ఆబ్నర్ డబుల్‌డే దానికి రూపమిచ్చారనీ దాని సారాంశం.

ఈ తీర్పు కోసం కమిషన్ వేయించింది ఆల్బర్ట్ గుడ్‌విల్ స్పాల్డింగ్. దాన్ని అచ్చేసిన గైడ్ ఆయనదే. ఆ గైడ్ వెనక పేజీల్లో అమ్మకానికి పెట్టిన సరుకూ ఆయన కంపెనీదే.

తీర్పు తప్పని ఇవాళ బేస్‌బాల్ చరిత్రకారులు ఏకాభిప్రాయంతో చెబుతారు. కానీ ఆ తొలినాళ్ల ఆట గురించి ఇంత గట్టిగా మాట్లాడగలగడానికి ఒక ముఖ్య కారణం కూడా స్పాల్డింగే. పాత గైడ్లు, క్లబ్బుల స్కోరు పుస్తకాలు, ఉత్తరాలు, స్క్రాప్‌బుక్‌లు, ఫొటోలు ఆయన దగ్గరికి చేరాయి. వాటిని ఆయన పారేయలేదు. వ్యాపారిగా ఒక కట్టుకథను దేశమంతా పంచిన మనిషే, సేకర్తగా దానికి ఎదురు నిలిచే కాగితాలను భద్రపరిచారు.

రాక్‌ఫర్డ్ కుర్రాడు

స్పాల్డింగ్ 1849 సెప్టెంబర్ 2న ఇల్లినాయ్ రాష్ట్రంలోని బైరన్ గ్రామంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. చదువు కోసం తల్లి అతన్ని దగ్గర్లోని రాక్‌ఫర్డ్ పట్టణంలో బంధువుల ఇంటికి పంపారు. కొత్త ఊరు, తెలిసినవాళ్లు లేరు, బిడియం. పిల్లలు బేస్‌బాల్ ఆడుతుంటే దూరంగా కూర్చుని చూసేవాడు. ఒకరోజు తన వైపు వచ్చిన బంతిని పట్టుకుని బలంగా వెనక్కి విసిరాడట. అది చూసినవాళ్లు మర్నాటి నుంచి ఆటకు పిలిచారని ఆయనే తర్వాత తన పుస్తకంలో రాసుకున్నారు.

బేస్‌బాల్‌లో పిచర్ అంటే క్రికెట్‌లో బౌలర్ లాంటివాడు. స్పాల్డింగ్ మంచి పిచర్ అయ్యాడు. 1867 జులైలో వాషింగ్టన్ నేషనల్స్ అనే పేరున్న జట్టు పశ్చిమ రాష్ట్రాల పర్యటనకు వచ్చింది. చికాగోలో జరిగిన మ్యాచ్‌లో రాక్‌ఫర్డ్ ఫారెస్ట్ సిటీస్ జట్టు 29-23 తేడాతో దాన్ని ఓడించింది. పిచర్‌కు అప్పటికి ఇంకా 18 ఏళ్లు నిండలేదు.

ఆ రోజుల్లో డబ్బు తీసుకుని ఆడటం నిబంధనలకు విరుద్ధం. దానికి క్లబ్బులు ఒక దొడ్డిదారి కనిపెట్టాయి. ఆటగాడికి ఏ దుకాణంలోనో గుమాస్తా ఉద్యోగం ఇప్పించి, జీతం పేరుతో ఆట డబ్బు ముట్టజెప్పేవి. స్పాల్డింగ్‌కు కూడా చికాగోలో ఒక టోకు కిరాణా సంస్థలో అలాంటి ఉద్యోగమే దొరికింది. ఆ సంస్థ కొద్దికాలానికే దివాలా తీయడంతో ఆయన రాక్‌ఫర్డ్ తిరిగొచ్చారు. ఆటను డబ్బు నడుపుతోందనీ, పైకి మాత్రం లేదన్నట్టు అందరూ నటిస్తున్నారనీ ఆయనకు ఇరవై ఏళ్లు నిండకముందే తెలిసింది.

1871లో తొలి వృత్తిగత లీగ్ మొదలైనప్పుడు బోస్టన్ రెడ్ స్టాకింగ్స్ మేనేజర్ హ్యారీ రైట్ ఆయన్ని తన జట్టులోకి తీసుకున్నారు. రైట్ ఇంగ్లండ్‌లో పుట్టిన మనిషి, వృత్తిరీత్యా క్రికెటర్. జట్టును ఒక సంస్థలా నడపడం, లెక్కలు రాయడం, ప్రతి ఉత్తరాన్నీ దాచడం ఆయన అలవాట్లు. 1872 నుంచి 1875 వరకు వరసగా నాలుగేళ్లు బోస్టన్‌దే ఛాంపియన్‌షిప్. 1875లో స్పాల్డింగ్ ఒక్కరే 50కి పైగా మ్యాచ్‌లు గెలిపించారు.

800 డాలర్ల దుకాణం

1875 సీజన్ మధ్యలోనే స్పాల్డింగ్ రహస్యంగా చికాగో క్లబ్‌తో ఒప్పందం చేసుకున్నారు. చికాగో క్లబ్ అధిపతి విలియం హల్బర్ట్ ఆయనతో పాటు బోస్టన్ నుంచి మరో ముగ్గురు మేటి ఆటగాళ్లను కూడా లాక్కున్నారు. పాత లీగ్ వీళ్లను బహిష్కరిస్తుందేమోనన్న సందేహం ఉండేది. హల్బర్ట్ కొత్త లీగే పెట్టేశారు. 1876 ఫిబ్రవరి 2న న్యూయార్క్‌లో నేషనల్ లీగ్ పుట్టింది. దాని నియమావళి తయారీలో స్పాల్డింగ్ చేయి ఉంది. ఆ లీగ్ నేటికీ నడుస్తోంది.

అదే ఏడాది తమ్ముడు వాల్టర్‌తో కలిసి చికాగోలో ఆయన క్రీడా సామగ్రి దుకాణం తెరిచారు. పెట్టుబడి తల్లి ఇచ్చిన 800 డాలర్లు. ఆ సీజన్‌లో స్పాల్డింగ్ 47 మ్యాచ్‌లు గెలిచారు. చికాగో ఛాంపియన్ అయింది. మైదానంలో కనిపించే మనిషి పేరే దుకాణం బోర్డు మీద ఉంది. అంతకు మించిన ప్రకటన అక్కర్లేదు.

అప్పట్లో ఎక్కువమంది ఫీల్డర్లు వట్టి చేతులతోనే బంతి పట్టేవారు. గ్లవ్ వేసుకోవడం పిరికితనం కింద లెక్క. 1875లో చార్లెస్ వెయిట్ అనే ఆటగాడు గ్లవ్ తొడుక్కున్నా, ఎవరి కంటా పడకుండా చర్మం రంగుది ఎంచుకున్నారు. 1877లో పిచింగ్ తగ్గించి ఫస్ట్ బేస్ దగ్గర ఆడటం మొదలుపెట్టిన స్పాల్డింగ్ నల్లని గ్లవ్ తొడిగారు. స్టాండ్‌లోని ఆఖరి వరసకూ కనపడే గ్లవ్ అది. ఛాంపియన్ జట్టు ఆటగాడే వేసుకున్నాక పిరికితనం మాట క్రమంగా పక్కకు పోయింది. గ్లవ్స్ ఆయన దుకాణంలోనే దొరికేవి.

బంతి సంగతీ అంతే. లీగ్ తొలి ఏళ్లలోనే స్పాల్డింగ్ బంతి అధికారిక బంతి అయింది. 1976 వరకు నేషనల్ లీగ్ ఆ పేరున్న బంతితోనే ఆడింది. లీగ్ మ్యాచ్‌లకు పోయే బంతులు లెక్కకు కొన్నే. అసలు గిరాకీ వీధుల్లో ఆడే లక్షల మంది పిల్లలది. పెద్దవాళ్లు ఆడే బంతి తమకూ కావాలనుకునే పిల్లలది. అధికారిక అన్న ఒక్క మాట విలువ స్పాల్డింగ్‌కు తెలిసినంతగా ఆ కాలంలో మరో వ్యాపారికి తెలియదు.

ఏటేటా ఒక పంచాంగం

ఆ మాటను ఆయన పుస్తకానికీ అతికించారు. 1877లో తొలి స్పాల్డింగ్ గైడ్ వచ్చింది. లీగ్ నియమావళిని అచ్చువేసే హక్కు ఆయన సంస్థకు దక్కింది. దాని పక్కనే తన సొంత గైడ్‌ను కూడా అఫీషియల్ అనే పేరుతో దింపారు. రెండింటికీ తేడా ఉందని కొనేవాడికి తెలిసే అవకాశం తక్కువ.

ఇలాంటి పుస్తకాలు అంతకు ముందూ ఉన్నాయి. 1860లో బీడిల్ సంస్థ 10 సెంట్ల డైమ్ బేస్‌బాల్ ప్లేయర్ అచ్చేసింది. ఏటా వెలువడే బేస్‌బాల్ గైడ్ల పరంపరకు అదే మొదలు. దాన్ని రాసింది హెన్రీ చాడ్విక్. 1824లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో పుట్టి, బాల్యంలోనే అమెరికా చేరిన చాడ్విక్ మొదట క్రికెట్ వార్తలు రాసేవారు. క్రికెట్ స్కోరు పట్టికల తరహాను బేస్‌బాల్‌కు మలిచి, మ్యాచ్ మొత్తాన్ని అరచేయంత జాగాలో చూపే బాక్స్ స్కోర్‌ను తీర్చిదిద్దింది ఆయనే. 1881 నుంచి 1908లో చనిపోయే వరకు స్పాల్డింగ్ గైడ్‌కు చాడ్విక్కే సంపాదకుడు.

గైడ్ అంటే ఒక రకంగా ఆ ఆటకు పంచాంగం. నిబంధనల విషయంలో గొడవ వస్తే తెరిచేది అదే. ఎవరి సగటు ఎంతో చూసేది అందులోనే. పల్లెల్లో కుర్రాళ్లు జట్టు కట్టాలనుకుంటే మైదానం కొలతలు దొరికేదీ అక్కడే. ఆ పేజీలు తిప్పుతూ పోతే చివరి భాగంలో బొమ్మలతో ప్రకటనలు వస్తాయి. బంతుల్లో రకాలు, బ్యాట్ల పొడవులు, బూట్లు, చొక్కాలు, మాస్కులు, ధరలు, ఆర్డర్ పంపాల్సిన చిరునామా. నిబంధన చెప్పిన పుస్తకమే, ఆ నిబంధనకు సరిపోయే సరుకు ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పేది. 1892లో మొదలైన స్పాల్డింగ్ అథ్లెటిక్ లైబ్రరీ ఇదే పద్ధతిని ఇతర క్రీడలకూ విస్తరించింది.

ఉగాదికి కొత్త పంచాంగం రాగానే పాతది అటకెక్కుతుంది. గైడ్లకూ అదే గతి పట్టింది. నిబంధనలు మారగానే నిరుటి పుస్తకం పనికిరానిదయ్యేది. సన్నని కాగితం అట్ట, చవక కాగితం, జేబులో మడిచి పెట్టుకునే పిల్లలు. చాలా ప్రతులు సీజన్ ముగిసేలోగానే చిరిగిపోయేవి. లైబ్రరీలు కొన్ని ఏళ్ల పుస్తకాలను కలిపి బైండ్ చేయించేటప్పుడు అట్టలు, ప్రకటనల పేజీలు తీసేయడం కూడా మామూలే. దుకాణాల అద్దాలకు అంటించిన రంగుల లితో పోస్టర్ల ఆయుష్షు ఇంకా తక్కువ. సరుకు మారితే పోస్టర్ చింపి కొత్తది అంటించేవారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో ఇంటింటా పాత కాగితం సేకరించారు. మిగిలినవాటిలో ఎన్నో గుజ్జులో కలిశాయి. అందుకే పోస్టర్లూ, అట్టా ప్రకటనలూ చెదరని తొలినాళ్ల గైడ్లూ నేడు సేకర్తలకు అపురూపం.

పోటీదారుల విషయంలో స్పాల్డింగ్ పద్ధతి ఒకటే, కొనేయడం. ఫిలడెల్ఫియాలో మరో మాజీ ఆటగాడు ఆల్ఫ్రెడ్ రీచ్ నడిపిన కంపెనీ, బోస్టన్‌లోని రైట్ అండ్ డిట్సన్ కంపెనీ 1890ల తొలినాళ్లకల్లా స్పాల్డింగ్ గుప్పిట్లోకి వచ్చాయి. పేర్లు మాత్రం మార్చలేదు. 1883 నుంచి వస్తున్న రీచ్ గైడ్ విడిగానే వెలువడుతూ వచ్చింది. దుకాణంలో రెండు బంతులు, రెండు గైడ్లు పక్కపక్కనే పోటీ పడుతున్నట్టు కనిపించేవి. ఏది కొన్నా డబ్బు చేరే చోటు ఒకటే.

కొలంబో మీదుగా ప్రపంచయాత్ర

1882లో హల్బర్ట్ చనిపోయాక స్పాల్డింగ్ చికాగో క్లబ్ అధ్యక్షుడయ్యారు. 1888 అక్టోబర్‌లో చికాగో జట్టునూ, ఇతర క్లబ్బుల నుంచి ఏరిన ఆల్ అమెరికా జట్టునూ వెంటబెట్టుకుని ప్రపంచ పర్యటనకు బయల్దేరారు. ప్రచారం కోసం ముందుగా ఒక మనిషిని పంపారు. ఆస్ట్రేలియాలో జనాన్ని రప్పించడానికి బెలూన్ ఎక్కి పారాచూట్‌తో దూకే వ్యక్తిని కూడా తీసుకెళ్లారు. ఆట కొత్త దేశాల్లో వేళ్లూనితే బంతులు, బ్యాట్లు అక్కడా అమ్ముడవుతాయి. యాత్ర వెనకున్న లెక్కల్లో అదొకటి.

హవాయి, న్యూజిలాండ్, ఆస్ట్రేలియా మీదుగా ఓడ సిలోన్ చేరింది. 1889 జనవరి 26న కొలంబోలో రెండు జట్లూ ఐదు ఇన్నింగ్స్‌ల చిన్న మ్యాచ్ ఆడాయి. దక్షిణాసియాలో ఆ యాత్ర ఆగిన చోటు అదొక్కటే. ఇండియాకు రాలేదు. అక్కడి నుంచి నేరుగా సూయజ్ దారి పట్టారు. ఫిబ్రవరిలో గీజా పిరమిడ్ల ముందు ఇసుకలో ఆడి, స్ఫింక్స్ మీద కూర్చుని తీయించుకున్న ఫొటో ఇప్పటికీ ప్రసిద్ధమే. తర్వాత ఇటలీ, ఫ్రాన్స్, బ్రిటన్. లండన్‌లో క్రికెట్ మైదానమైన కెన్నింగ్టన్ ఓవల్‌లో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యాచ్ చూశారు. క్రికెట్ అలవాటైన దేశాల్లో జనం కుతూహలంగా చూశారు తప్ప ఆటను సొంతం చేసుకోలేదు. బ్రిటన్‌లో చాలామందికి అది తమ పిల్లలు ఆడే రౌండర్స్‌లా అనిపించింది.

ఆ యాత్రలో చెప్పుకోలేని పేజీలూ ఉన్నాయి. క్లారెన్స్ డువాల్ అనే నల్లజాతి యువకుణ్ని జట్టు అదృష్ట చిహ్నంగా వెంట తిప్పుకున్నారు. కైరోలో అతని ముఖానికి క్యాచర్ మాస్కు తగిలించి, తాడు కట్టి, కోతిని ఆడించినట్టు ఆడించి నవ్వుకున్నారు. నల్లజాతి ఆటగాళ్లను వృత్తి లీగ్‌ల నుంచి గెంటేసిన కాలం కూడా అదే. ఆ వెలివేతకు గట్టి మద్దతుదారైన క్యాప్ ఆన్సన్ చికాగో జట్టు కెప్టెన్. క్లబ్ యజమానిగా స్పాల్డింగ్ దాన్ని అడ్డుకోలేదు.

ఆటగాళ్ల సంఘం నాయకుడు జాన్ మాంట్‌గోమరీ వార్డ్ కూడా ఈ యాత్రలో ఉన్నారు. ఆయన సముద్రం మీద ఉండగా యజమానులు ఇక్కడ జీతాలకు తరగతులు కట్టారు. ఎంత గొప్ప ఆటగాడికైనా 2,500 డాలర్లు మించకూడదన్నారు. అప్పటికే క్లబ్ వదలకపోతే మరోచోట ఆడే వీల్లేదన్న నిబంధన ఆటగాళ్లను కట్టిపడేసింది. 1887లో ప్రేక్షకుల అభిమాన ఆటగాడు కింగ్ కెల్లీని స్పాల్డింగ్ 10,000 డాలర్లకు బోస్టన్‌కు అమ్మేశారు. ఆ సొమ్ము క్లబ్‌కు చేరింది. విసిగిన ఆటగాళ్లు 1890లో సొంతంగా ప్లేయర్స్ లీగ్ పెట్టుకున్నారు. దాన్ని అణచే బాధ్యత స్పాల్డింగ్ తీసుకున్నారు. ఆ సీజన్‌లో రెండు వైపులా భారీ నష్టాలే. తమ నష్టాన్ని బయటపడనీయకుండా అవతలి పక్షం పెట్టుబడిదారులను బెదరగొట్టి లొంగదీశారు. ఆటగాళ్ల లీగ్ ఒక్క ఏడాదితో ముగిసింది. మైదానంలో కార్మికుడిగా మొదలైన మనిషి యజమానుల సేనానిగా తేలారు.

పుట్టుక ఎక్కడ?

యాత్ర ముగించుకొచ్చిన జట్లకు 1889 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లోని డెల్మోనికోస్‌లో విందు జరిగింది. మార్క్ ట్వెయిన్, థియోడర్ రూజ్‌వెల్ట్ వచ్చారు. ఆట రౌండర్స్ నుంచి పుట్టిందన్న మాటను ఆ విందులో గట్టిగా తోసిపుచ్చారు. నేషనల్ లీగ్ మాజీ అధ్యక్షుడు ఆబ్రహాం మిల్స్ కూడా ఆ రాత్రి మాట్లాడినవారిలో ఉన్నారు.

గైడ్ సంపాదకుడైన చాడ్విక్ అభిప్రాయం వేరు. ఇంగ్లండ్‌లో చిన్నప్పుడు రౌండర్స్ ఆడిన మనిషి ఆయన. బేస్‌బాల్ దాని నుంచే ఎదిగిందని ఆయన నమ్మకం. 1903 గైడ్‌లో అదే రాశారు. 1905 గైడ్‌లో యజమాని స్పాల్డింగ్ దానికి జవాబిచ్చారు. అప్పటికి అమెరికా స్పెయిన్‌తో యుద్ధం గెలిచి, ఫిలిప్పీన్స్‌ను చేజిక్కించుకుని, ప్రపంచ శక్తిగా నిలబడుతోంది. అలాంటి దేశపు జాతీయ క్రీడ ఇంగ్లిష్ పిల్లల ఆటకు కొనసాగింపు కావడం స్పాల్డింగ్‌కు నచ్చలేదు. విషయం తేల్చడానికి కమిషన్ వేయాలన్నారు. మిల్స్ దానికి పెద్ద. సభ్యుల్లో స్పాల్డింగ్ గైడ్లు అచ్చేసే సంస్థ అధిపతి జేమ్స్ సల్లివన్, రీచ్ ఉన్నారు. హ్యారీ రైట్ తమ్ముడు జార్జ్ కూడా సభ్యుడే. రైట్ అండ్ డిట్సన్‌లో రైట్ ఆయనే. చరిత్ర చదువుకున్నవారు ఒక్కరూ లేరు.

కమిషన్ సాక్షులను పిలిచి విచారించలేదు. పత్రికల్లో విజ్ఞప్తి చేస్తే ఉత్తరాలు వచ్చాయి. వాటిలో డెన్వర్‌కు చెందిన ఆబ్నర్ గ్రేవ్స్ అనే గనుల ఇంజినీర్ రాసినవి స్పాల్డింగ్‌ను ఆకట్టుకున్నాయి. చిన్నప్పుడు కూపర్స్‌టౌన్‌లో డబుల్‌డే ఈ ఆటను కనిపెట్టడం తనకు గుర్తుందని ఆయన రాశారు. 1839 నాటికి గ్రేవ్స్ వయసు ఐదేళ్లు. ఏడాది ఏదన్నది కూడా ఆయన ఉత్తరాల్లో స్థిరంగా లేదు. ఆ సమయంలో డబుల్‌డే వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో క్యాడెట్. అంతర్యుద్ధంలో ఫోర్ట్ సమ్టర్ నుంచి ఉత్తరాది తరఫున తొలి గుండు పేల్చిన సైనికాధికారిగా పేరున్న ఆయన 1893లో చనిపోయారు. బతికుండగా బేస్‌బాల్ తనదని ఎక్కడా చెప్పుకోలేదు. మిల్స్‌కు ఆయనతో ఏళ్ల తరబడి పరిచయం. ఈ సంగతి మిల్స్ ఆయన నోట విన్న దాఖలా లేదు. అయినా 1907 డిసెంబర్ 30న మిల్స్ తీర్పు రాసేశారు. ఆటకు తండ్రి ఒక జనరల్, యుద్ధవీరుడు. ఊరు అచ్చమైన అమెరికా పల్లె. దేశానికి కావలసిన కథ దొరికింది.

ఈ కథలో తెలుగు నేలకు కాస్త దగ్గరగా వచ్చే పాయ ఒకటుంది. డబుల్‌డే దివ్యజ్ఞాన సమాజ సభ్యుడు. 1878 చివర్లో మేడమ్ బ్లావట్‌స్కీ, కల్నల్ ఆల్కాట్ ఇండియాకు బయల్దేరుతూ అమెరికాలో సమాజం బాధ్యతలను తాత్కాలికంగా ఆయనకే అప్పగించారు. ఆ ఇద్దరే 1882 మేలో బకింగ్‌హాం కాలువ మీద పడవలో నెల్లూరు వచ్చి, గుంటూరు వరకు వెళ్లారు. అదే ఏడాది చివర్లో మద్రాసు అడయారులో స్థిరపడ్డారు. స్పాల్డింగ్ రెండో భార్య ఎలిజబెత్ కూడా దివ్యజ్ఞాన సమాజ అనుయాయే. 1900 తర్వాత దంపతులు కాలిఫోర్నియాలో శాన్ డియాగో దగ్గరి పాయింట్ లోమాలో, అడయారు నుంచి విడిపోయిన వర్గానికి చెందిన కాథరిన్ టింగ్లీ ఆశ్రమ ప్రాంగణంలో ఇల్లు కట్టుకున్నారు. డబుల్‌డే పేరు వైపు మొగ్గడానికి ఈ బంధం కూడా తోడైందా అని చరిత్రకారులు ప్రశ్నించారు. రుజువు మాత్రం లేదు.

సంచుల్లో చేరిన చరిత్ర

తీర్పు అచ్చయిన కొద్ది వారాలకే, 1908 ఏప్రిల్ 20న చాడ్విక్ చనిపోయారు. కమిషన్ తీర్పును ఆయన ఒప్పుకోలేదు. అలాగని స్పాల్డింగ్‌తో స్నేహమూ తెంచుకోలేదు. అర్ధశతాబ్దం పాటు పోగేసిన తన పుస్తకాలు, స్క్రాప్‌బుక్‌లు స్పాల్డింగ్‌కే చెందేలా వీలునామా రాశారు. వాదనలో ఓడిపోయిన మనిషి తన సాక్ష్యాలన్నీ గెలిచినవాడి చేతిలో పెట్టారు. హ్యారీ రైట్ కాగితాలు కూడా అదే సేకరణలో చేరాయి. 1840ల్లో నిబంధనలు రాసుకుని ఆడిన న్యూయార్క్ నికర్‌బాకర్ క్లబ్ పుస్తకాలు కూడా.

వీటి ఆధారంగా 1911లో స్పాల్డింగ్ అమెరికాస్ నేషనల్ గేమ్ అనే పెద్ద పుస్తకం తెచ్చారు. డబుల్‌డే కథ అందులోనూ ఉంది. అయితే తన కథకు పనికిరాని కాగితాలను ఆయన తగలబెట్టలేదు. 1910లో కాలిఫోర్నియా నుంచి అమెరికా సెనేట్‌కు పోటీచేసి విఫలమయ్యారు. 1915 సెప్టెంబర్ 9న పాయింట్ లోమాలో కన్నుమూశారు. 1921లో ఎలిజబెత్ ఆ సేకరణను న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీకి ఇచ్చారు. చికాగో దుకాణదారు కాగితాలు ఎవరైనా వచ్చి చదువుకునే చోటికి చేరాయి.

1939లో రెండు సంగతులు జరిగాయి. ఆట పుట్టి వందేళ్లయిందంటూ జూన్ 12న కూపర్స్‌టౌన్‌లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌ను ఆర్భాటంగా ప్రారంభించారు. అక్కడికి సమీపంలోని ఒక ఇంటి ట్రంకు పెట్టెలో బయటపడిన చిరిగిన పాత బంతిని అంతకు ముందే స్టీఫెన్ క్లార్క్ అనే స్థానిక ధనికుడు 5 డాలర్లకు కొన్నారు. దాన్ని డబుల్‌డే బంతి అని అద్దాల పెట్టెలో పెట్టారు. అదే ఏడాది స్పాల్డింగ్‌ను హాల్‌లోకి ఎన్నుకున్నారు.

రెండోది, దాదాపు అదే సమయంలో, న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ ఉద్యోగి రాబర్ట్ హెండర్సన్ ఆ లైబ్రరీ బులెటిన్‌లో ఒక వ్యాసం ప్రచురించారు. 1834లో బోస్టన్‌లో అచ్చయిన పిల్లల పుస్తకంలోని బేస్‌బాల్ నిబంధనలు, 1828లో లండన్‌లో వచ్చిన బాయ్స్ ఓన్ బుక్‌లోని రౌండర్స్ నిబంధనలకు నకలేనని పక్కపక్కన పెట్టి చూపారు. డబుల్‌డే కథ అక్కడ కూలింది. పరువున్న జనరల్ పేరును పడగొట్టినవి పిల్లల కోసం అచ్చేసిన చవక పుస్తకాలు. 1960లో హెరాల్డ్ సీమోర్, ఆయన భార్య డొరొతీ కలిసి చేసిన తొలి విద్వత్ చరిత్రకు స్పాల్డింగ్ సేకరణ పెద్ద ఆధారం. ఆ పుస్తకం మీద డొరొతీ పేరు చేరడానికి మరో యాభై ఏళ్లు పట్టింది. 2005లో డేవిడ్ బ్లాక్ ఇంకొంచెం వెనక్కి వెళ్లి, బేస్‌బాల్ అన్న పేరు రౌండర్స్ అన్న పేరు కంటే పాతదని, 1744లోనే ఒక ఇంగ్లిష్ పిల్లల పుస్తకంలో ఉందని చూపారు. అంటే చాడ్విక్ చెప్పిందీ పూర్తిగా నిలవలేదు. ఆట ఇంగ్లండ్ నుంచి వచ్చిందన్న మాట మాత్రం నిలిచింది.

హాల్ ఆఫ్ ఫేమ్ ఇప్పటికీ కూపర్స్‌టౌన్‌లోనే ఉంది. అందులో చాడ్విక్ ఉన్నారు, స్పాల్డింగ్ ఉన్నారు. డబుల్‌డే లేరు.

కాగితాల ప్రయాణం సాఫీగా సాగలేదు. లైబ్రరీలోని స్పాల్డింగ్ సేకరణ నుంచి కొన్ని ఉత్తరాలు, ఫొటోలు 1970లలో మాయమయ్యాయి. 2009లో హ్యారీ రైట్‌కు వచ్చిన కొన్ని ఉత్తరాలు వేలానికి రావడంతో ఎఫ్‌బీఐ విచారణ మొదలైంది. మన దగ్గర సినిమా హాళ్ల ముందు అమ్మిన పాటల పుస్తకాల్లాగే, ఒకప్పుడు ఎవరూ పట్టించుకోని గైడ్లకూ పోస్టర్లకూ ఇప్పుడు సంత ఉంది, ధర ఉంది. ధర వచ్చాక దొంగతనం భయమూ వచ్చింది. ప్రైవేటు అల్మరాలోకి వెళ్లిన కాగితాన్ని చరిత్రకారుడు చదవలేడు. ఐదేళ్ల పిల్లాడి జ్ఞాపకంతో పోల్చి చూడలేడు.

1939 వరకు వచ్చిన స్పాల్డింగ్ గైడ్ ఆ తర్వాత రీచ్ గైడ్‌తో కలిసిపోయింది. 1889 నుంచి 1939 దాకా వచ్చిన సంచికల్లో చాలావాటిని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. 1908 గైడ్‌లో మిల్స్ తీర్పును అక్కడ ఎవరైనా చదవొచ్చు. మరికొన్ని పేజీలు తిప్పితే బంతుల ప్రకటనలు కూడా కనిపిస్తాయి.